దానియేలును సింహాల గుహలోనే వదిలేయకండి: సండే స్కూల్ టీచర్లకు, కాపరులకు బహిరంగ లేఖ

ప్రియమైన సండే స్కూల్ టీచర్లకు, యవ్వనస్థుల కూటాలు నడిపే అన్నలకు, అక్కలకు, సంఘ కాపరులకు,

ప్రభువు నామంలో వందనాలు.

వేసవి సెలవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) పెడితే, యూదా నుంచి బబులోనుకు చెరగా పోయి, ప్రార్థన మానలేదని సింహాల గుహలో పడవేయబడిన దానియేలు అందులో ఉంటాడు. పదో తరగతి పిల్లల్ని పరీక్షల ముందు నిలబెట్టి ప్రార్థన చేస్తే, దానియేలుకు ఇచ్చినట్టు పదంతలు తెలివి ఇమ్మని అడుగుతాం. 21 రోజుల ఉపవాసం పెడితే దానికీ ఆయన పేరే. ఇంతగా తలుచుకునే మనిషి గురించి మన పిల్లలకు తెలిసింది మాత్రం ఒక రాత్రి, కొన్ని సింహాలు, ఒక దేవదూత. ఆ రాత్రి గొప్పదే. కానీ అది ఒక సుదీర్ఘ జీవితం చివర్లో వచ్చిన రాత్రి. దానికి ముందున్న అరవై ఏళ్ల పైచిలుకు చెర జీవితాన్ని వదిలేసి ఆ రాత్రి ఒక్కటే చెబితే, పిల్లలకు ఒక సాహస కథ దొరుకుతుంది తప్ప పరాయి చోట దేవునికి నమ్మకంగా ఎలా బతకాలో తెలియదు. ఈ మాట మీ అందరితో చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు వయసు సంగతి చూడండి. కర్కెమీషు పట్టణం దగ్గర ఐగుప్తు (ఈజిప్టు) సైన్యాన్ని ఓడించి, బబులోనును ఏలిన నెబుకద్నెజరు ఆ ప్రాంతమంతా చేతిలోకి తెచ్చుకున్నది క్రీ.పూ. 605లో. యూదా రాజైన యెహోయాకీము రోజుల్లో అక్కడి రాజవంశపు, ప్రధానుల కుటుంబాల పిల్లల్ని ఏరి బబులోనుకు తీసుకుపోయింది ఆ సమయంలోనే. దానియేలుకు అప్పుడు పద్నాలుగు, పదిహేనేళ్లు ఉన్నాయనుకుందాం. బబులోను పారసీకుల చేతికి చిక్కింది క్రీ.పూ. 539లో. సింహాల గుహ ఆ తర్వాతి సంగతి. అంటే గుహలోకి దిగిన మనిషికి ఎనభై దాటాయి. మన పాఠాల పుస్తకాల్లో మాత్రం ఎర్రటి బుగ్గల కుర్రాడొకడు సింహాల మధ్య మోకరించి ఉంటాడు. ఆ బొమ్మ చూసిన పిల్లవాడు విశ్వాసమంటే కుర్రతనపు తెగువ అనుకుంటాడు. రిటైరై వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన ఇది తన గురించిన అధ్యాయం కాదనుకుంటాడు. ఇద్దరికీ నష్టమే.

ముసలి వయసులో ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో దానియేలు గ్రంథం ఆరో అధ్యాయమే చెబుతుంది. ముప్పై రోజుల పాటు రాజును తప్ప ఎవరినీ వేడుకోకూడదన్న శాసనం మీద సంతకం పడిందని తెలిసిన రోజు కూడా దానియేలు ఇంటికి వెళ్లి, పైగదిలో, రోజుకు మూడుసార్లు, యథాప్రకారముగా ప్రార్థన చేశాడు. కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు. ఎవరికో సవాలు విసరడానికి కిటికీలు తీయలేదు. అవి అప్పటికే యెరూషలేము వైపు తెరిచి ఉన్నాయి. ఏళ్ల తరబడి అలా తెరిచి ఉన్నాయి కాబట్టే శత్రువులకు ఆయన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది.

ఆ కిటికీ గురించి పిల్లలకు కాస్త నిదానంగా చెప్పండి. యెరూషలేము ఆలయ ప్రతిష్ఠ రోజున సొలొమోను రాజు చేసిన ప్రార్థనలో, జనులు శత్రువుల దేశంలోకి చెరపట్టబడినప్పుడు తమ దేశం వైపు, ఈ పట్టణం వైపు, ఈ మందిరం వైపు తిరిగి వేడుకుంటే ఆలకించమని ఒక మాట ఉంది. దానియేలు ఆ మాట పట్టుకుని బతికాడు. కానీ ఆయన ఎటువైపు తిరిగాడో ఆ ఆలయం క్రీ.పూ. 586లో కాలిపోయింది. తిరిగి చూడటానికి అక్కడేమీ లేదు. తొమ్మిదో అధ్యాయంలో గబ్రియేలు దూత వచ్చిన సమయాన్ని దానియేలు ఎలా గుర్తుపెట్టుకున్నాడో గమనించారా? సాయంత్రపు నైవేద్య సమయం అంటాడు. నలభై ఏళ్లకు పైగా యెరూషలేములో ఏ బలిపీఠం మీదా సాయంత్రపు నైవేద్యం అర్పించినవాళ్లు లేరు. బలిపీఠమే లేదు. అయినా ఆ ముసలాయన రోజు ఆ లెక్క ప్రకారమే నడిచింది. బబులోను ఆయన చేతుల పనిని తీసుకుంది గానీ లోపలి గడియారాన్ని తీసుకోలేకపోయింది. నాకు సింహాల కన్నా ఈ ఒక్క ముక్క ఎక్కువ బలాన్నిస్తుంది.

ఇక మొదటి అధ్యాయం. దాన్ని మనం భోజనం కథగా చెబుతాం. రాజు పెట్టిన మాంసం, ద్రాక్షారసం వద్దన్నాడు, కూరగాయలు తిన్నాడు, ముఖం కళకళలాడింది, అయిపోయింది. ఆ పిల్లలకు బబులోను పెట్టిన మిగతా వాటిని కూడా చూడండి. మూడేళ్ల చదువు, కల్దీయుల (బబులోనువాళ్ల) భాష, వాళ్ల గ్రంథాలు. ఆ రోజుల్లో అక్కడి పండితుల చదువంటే మట్టి పలకల మీద మేకుల్లాంటి అక్షరాలు, నక్షత్రాల కదలికలు, బలి ఇచ్చిన గొర్రె కాలేయం చూసి శకునం చెప్పే పట్టికలు. దానియేలు ఆ తరగతికి రానన్నాడని గ్రంథం ఎక్కడా చెప్పదు. పేరు మార్చారు. రాజు కొలిచే దేవుడి పేరు కలిసిన బెల్తెషాజరు అన్న పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికాడు. కొలువులో చేరాడు. అన్నిటికీ సరేనని, ఒక్క పళ్లెం దగ్గర ఆగాడు. అపవిత్రపరచుకోకూడదని తన మనసులో గట్టిగా అనుకున్నది ఆ ఒక్కచోట.

ఆ గీత అక్కడే ఎందుకు గీశాడన్నదానికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. లేవీయకాండంలో నిషేధించిన మాంసమై ఉండవచ్చు, విగ్రహాలకు అర్పించినదై ఉండవచ్చు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఎక్కడ కలవాలో, ఎక్కడ ఆగాలో ఆ కుర్రాడు కూర్చుని ఆలోచించుకున్నాడు. మన యవ్వనస్థులకు ఈ ఆలోచన నేర్పకుండా, లోకపు పుస్తకాలు చదవొద్దు, వాళ్లతో తిరగొద్దు, ఆ భాష మాట్లాడొద్దు అని మొత్తంగా గోడ కట్టి పంపిస్తున్నాం. హైదరాబాద్ హాస్టల్‌కో, దుబాయ్‌లో లేబర్ క్యాంపుకో, అమెరికాలో ఎమ్మెస్ చదవడానికో వెళ్లిన పిల్ల ఆ గోడ పట్టుకుని ఎంతకాలం నిలబడుతుంది? గల్ఫ్‌లో మనవాళ్లు చాలామంది ఆదివారం డ్యూటీకి వెళ్లి, శుక్రవారం ఆరాధనకు వెళ్తారు. రోజు మారినా ఆరాధన మారలేదని వాళ్లకు తెలుసు. ఇలాంటి తేడాలు తెలుసుకునే తెలివే మొదటి అధ్యాయంలో ఉంది.

అడిగిన తీరు కూడా చెప్పండి. దానియేలు పళ్లెం విసిరికొట్టలేదు. తమ మీద ఉన్న అధిపతి దగ్గరకు వెళ్లి, ఆ భోజనం వద్దని అనుమతి అడిగాడు. మీ ముఖాలు చిక్కిపోతే రాజు నా తల తీయిస్తాడని ఆయన భయపడ్డాడు. ఆ భయం నిజమైనదే. అప్పుడు దానియేలు తమను చూసుకునే మనిషిని, పది రోజులు పరీక్షించి చూడండి, తర్వాత మీకు తోచినట్టు చేయండి అన్నాడు. తన నిష్ఠ కోసం ఇంకొకరి తల పోకుండా దారి వెతికాడు. ధైర్యం గురించి చెప్పేటప్పుడు ఈ మర్యాదను మరిచిపోతున్నాం. పోతే, దానియేలు జీవితాంతం కూరగాయలే తిన్నాడని చెప్పేవాళ్లున్నారు. పదో అధ్యాయంలో మూడు వారాలు దుఃఖంలో ఉండి మాంసం, ద్రాక్షారసం ముట్టలేదని ఆయనే రాశాడు. అంటే మిగతా రోజుల్లో ముట్టేవాడనే కదా. 21 రోజుల ఉపవాసం పెట్టేటప్పుడు అది దేనికోసం పడిన దుఃఖమో కూడా చెబితే బాగుంటుంది. ఉద్యోగం కోసమో వీసా కోసమో కాదు, తన జనానికి ఏం కాబోతోందో తెలుసుకోవాలన్న వేదనతో చేసిన ఉపవాసం అది.

నెబుకద్నెజరు పట్ల దానియేలు మనసు ఎలాంటిదో చెప్పే పాఠం నేనింతవరకు ఏ సండే స్కూల్ పుస్తకంలోనూ చూడలేదు. ఆ రాజు ఎవరు? యెరూషలేమును కాల్చినవాడు. యూదా చివరి రాజు సిద్కియా కళ్ల ముందే అతని కొడుకుల్ని చంపించి, తర్వాత ఆ కళ్లు ఊడదీయించినవాడు. అలాంటి రాజుకు కీడు రాబోతోందని నాలుగో అధ్యాయంలో కల చెప్పింది. సంతోషించడానికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు. దానియేలు మాత్రం కాసేపు మాట రాక కలవరపడిపోయాడు. ఈ కల నీ శత్రువులకు ఫలించును గాక అన్నాడు. ఉన్న నిజాన్ని దాచకుండా చెప్పి, చివర్లో బతిమాలినట్టు ఒక సలహా ఇచ్చాడు: పాపాలు మానుకో, నీతిగా ఉండు, బీదల మీద కనికరం చూపించు. రెండో అధ్యాయంలోనూ అంతే. తన దేవుణ్ణి ఎరగని శకునగాళ్లను, జ్ఞానులను చంపించబోతుంటే, వాళ్లను చంపవద్దని, ఆ పని మీద వచ్చిన రాజు అధికారి అర్యోకుతో మొదట చెప్పింది ఆయనే. పరాయి దేశంలో భక్తిగా ఉండటమంటే అక్కడివాళ్లను అసహ్యించుకోవడం అనుకునే పిల్లలకు ఈ రెండు చోట్లా ఆపి చదివించండి.

ఇది దానియేలు ఒక్కడి మంచితనం కాదు. యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి చెరలో ఉన్నవాళ్లకు పంపిన ఉత్తరం మనకు ఆయన గ్రంథం 29వ అధ్యాయంలో ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని చెరకు పంపిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, డెబ్భై ఏళ్లు పడుతుంది అన్నాడు. దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవుని పేరు మీద చెప్పాడు. జనానికి ఏది నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా? అయినా నిలిచింది యిర్మీయా మాట. బబులోను దేశంలో యూదుల ఊరొకటి ఉండేదని, వాళ్లు అక్కడ పొలాలు చేసుకుని పన్నులు కట్టారని ఇటీవలి దశాబ్దాల్లో వెలుగులోకి వచ్చిన మట్టి పలకలు చూపిస్తున్నాయి. నెబుకద్నెజరు కోట శిథిలాల్లో దొరికిన మరికొన్ని పలకల్లో, యూదా రాజు యెహోయాకీనుకు, అతని కొడుకులకు నూనె కొలిచి ఇచ్చిన లెక్కలున్నాయి. ఈ సంగతులు తెలిస్తే పిల్లలకు చెర అనేది బొమ్మల పుస్తకంలోంచి బయటికొచ్చి నిజమైన మనుషులు గడిపిన రోజులుగా కనిపిస్తుంది. కాపరులు కొత్త సంవత్సరం వాగ్దానం ఇచ్చేటప్పుడు యిర్మీయా 29ని డెబ్భై ఏళ్ల మాటతో కలిపి చదవమని నా మనవి. మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయన్న 11వ వచనం ఒక్కటే క్యాలెండర్ మీద వేసి ఇస్తే అది సగం ఉత్తరమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఎవరూ ప్రసంగం చేయని భాగం. నెబుకద్నెజరు క్రీ.పూ. 562లో చనిపోయాడు. అక్కడి నుంచి, బబులోను పడిపోయిన రాత్రి దాని పాలకుడు బెల్షస్సరు చేసిన విందు దాకా ఇరవై ఏళ్ల పైమాటే. ఆ విందు రాత్రి గోడ మీద రాత కనబడితే, దానియేలు అనే మనిషి ఉన్నాడని రాజుకు రాణి వచ్చి గుర్తుచేయాల్సి వచ్చింది. అంటే ఆస్థానం ఆయన్ని మరిచిపోయింది. ఒకప్పుడు జ్ఞానులందరి మీద ప్రధానిగా ఉన్న మనిషి పేరు రాజుకు తెలియదు. ఆ మరుగున పడిన రోజుల్లో ఆయన ఏం చేస్తున్నాడు? ఎనిమిదో అధ్యాయం చివరి వచనం చూడండి. భయంకరమైన దర్శనం చూసి కొన్నాళ్లు మంచం పట్టి, తర్వాత లేచి రాజు పని చేసుకుంటూ వచ్చానని రాశాడు. దర్శనం చూసిన ప్రవక్త మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు! పొగిడేవాళ్లు లేని ఉద్యోగంలో, పూజించని దేవుళ్ల రాజ్యంలో, పైన ఉన్నవాడి మీద గౌరవం కలగని రోజుల్లో కూడా పని సరిగ్గా చేశాడు.

ఆరో అధ్యాయంలో దీని ఫలితం కనిపిస్తుంది. 120 మంది అధిపతులు, వాళ్ల మీద ముగ్గురు ప్రధానులు, ఆ ముగ్గురిలో దానియేలు ఒకడు. రాజుకు నష్టం రాకుండా లెక్కలు చూడటమే ఆ ముగ్గురి పని. అలాంటి సీట్లో ఉన్న మనిషి మీద తప్పు వెతకాలని అందరూ కలిసి తవ్వారు. లంచం దొరకలేదు, నిర్లక్ష్యం దొరకలేదు. చివరికి, దేవుని విషయంలో తప్ప ఇతని మీద ఏమీ దొరకదని వాళ్లే ఒప్పుకున్నారు. మన సంఘాల్లో రెవెన్యూ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, కాంట్రాక్టు పనుల్లో ఉన్న విశ్వాసులున్నారు. వాళ్లకు దానియేలు గురించి చెప్పాల్సిన మొదటి మాట ఇదే. సింహాల దాకా పోయే అవసరం ఎందరికి వస్తుంది? ఫైలు మీద సంతకం పెట్టే అవసరం రోజూ వస్తుంది.

ఈ అధ్యాయం చెప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త కోరుతున్నాను. నేరం మోపినవాళ్లను భార్యాపిల్లలతో సహా గుహలో పడేశారన్న చోట పిల్లల చేత చప్పట్లు కొట్టించకండి. ఆ ఆజ్ఞ రాజుది. దానియేలు అడిగినట్టు వాక్యంలో లేదు. శత్రువు రాజు కోసం కలవరపడిన మనిషి, ఏ పాపం ఎరగని పసివాళ్లు అలా పోవడం చూసి సంతోషించాడని నేను నమ్మలేను.

యవ్వనస్థుల కూటాల్లో ఇంకొక ఇబ్బంది వస్తోంది. ఫోన్‌లో చదివిన పిల్లలు, ఈ గ్రంథం క్రీ.పూ. రెండో శతాబ్దంలో, గ్రీకు రాజు అంతియొకు ఎపిఫానెసు యూదుల్ని హింసించిన కాలంలో రాసిందని చాలామంది పండితులు అంటున్నారు కదా, సింహాల గుహ నాటి రాజు, మాదీయుడైన దర్యావేషు పేరు వేరే శాసనాల్లో లేదు కదా అని అడుగుతున్నారు. వాళ్లను కసురుకోకండి. ఆ వాదన ఉంది, దర్యావేషు చిక్కు నిజమే అని చెప్పండి. బెల్షస్సరు అనే పాలకుడి పేరు పాత గ్రీకు చరిత్రకారుల రాతల్లో కనబడేది కాదని, తర్వాత 19వ శతాబ్దంలో 'ఊరు' అనే పేరుగల పట్టణ శిథిలాల్లో దొరికిన మట్టి శాసనంలో, బబులోను చివరి రాజు నబొనిదు కొడుకుగా ఆ పేరు బయటపడిందని కూడా చెప్పండి. నబొనిదు ఏళ్ల తరబడి అరేబియాలోని తేమాలో ఉండిపోతే రాజ్యం చూసుకున్నది ఈ కొడుకే. తండ్రిది మొదటి స్థానం, తనది రెండోది. గోడ మీది రాత చదివినవాడికి రాజ్యంలో మూడో స్థానం ఇస్తానని ఎందుకన్నాడో అప్పుడు తెలుస్తుంది. నేను దానియేలు చెరలో బతికిన మనిషని నమ్ముతాను. ఆ నమ్మకం ప్రశ్నలకు బెదరదు. ప్రశ్న అడిగిన పిల్ల వచ్చే వారం కూటానికి రాకుండా పోతేనే నాకు టెన్షన్.

తొమ్మిదో అధ్యాయం ప్రార్థన గురించి కాపరులకు ప్రత్యేకంగా చెప్పాలి. యెరూషలేము పాపాలకు దానియేలు బాధ్యుడు కాడు. దుష్టుడైన మనష్షే రాజు రోజులకు ఆయన పుట్టనేలేదు, యెహోయాకీము రోజులకు కుర్రాడు. గ్రంథమంతా వెతికినా ఆయన మీద ఒక్క మచ్చ కనబడదు. అలాంటి మనిషి యిర్మీయా రాతలు చదివి, డెబ్భై ఏళ్లు పూర్తవుతున్నాయని గ్రహించి, గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని, మేము పాపం చేశాం, మేము తిరుగుబాటు చేశాం అంటూ పోయాడు. వాళ్లు చేశారని అనలేదు. మా నీతిని బట్టి కాదు, నీ గొప్ప కనికరాన్ని బట్టే అడుగుతున్నాం అన్నాడు. మనం దేశం కోసం, ఊరి కోసం ప్రార్థన చేసేటప్పుడు తప్పులన్నీ బయటివాళ్లవి, కన్నీళ్లు మాత్రం మనవి అన్నట్టు ఉంటోంది. ఆ ప్రార్థనను సంఘమంతా కలిసి ఒకసారి గట్టిగా చదివించండి.

చివరిగా, పదోన్నతి సంగతి. దానియేలులా ప్రార్థిస్తే దానియేలులా పైకొస్తావని మనం పిల్లలకు చెబుతున్నాం. పైకొచ్చాడు, నిజమే. ఇంటికి మాత్రం రాలేదు. మొదటి అధ్యాయంలో నెబుకద్నెజరు దేవాలయపు పాత్రల్ని, ఈ కుర్రాళ్లను తెచ్చుకున్నాడు. పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో ఆ పాత్రలు తిరిగి వెళ్లాయి. వెండివి, బంగారువి కలిపి 5,400 అని, తర్వాత యెరూషలేముకు వెళ్లిన యాజకుడు ఎజ్రా లెక్క రాశాడు. దానియేలు వెళ్లాడని ఎక్కడా లేదు. ఆ తర్వాత కోరెషు ఏలుబడిలో మూడో ఏట ఆయన ఇంకా హిద్దెకెలు (టైగ్రిస్) నది ఒడ్డునే ఉన్నాడు. యెరూషలేముకు దారి తెరుచుకుంది. కానీ ఎజ్రాకే ఆ ప్రయాణానికి నాలుగు నెలలు పట్టింది, ఎనభై దాటిన మనిషికి ఇక అది అందే దూరం కాదనుకుంటాను. రోజుకు మూడుసార్లు ఏ ఊరికోసం మోకరించాడో ఆ ఊరిని మళ్లీ చూసినట్టు గ్రంథం చెప్పదు. ఆయనకు దొరికిన మాట, విశ్రాంతి నొందుదువు, కాలాంతంలో నీ వంతులో నిలుస్తావు అన్నది. దీన్ని దాచిపెట్టి పదోన్నతి ఒక్కటే చూపిస్తే, పరీక్ష తప్పిన పిల్ల, వీసా రాని కుర్రాడు తమ ప్రార్థనలో ఏదో లోపముందని కుమిలిపోతారు. అలా కుమిలిపోయి సంఘానికి రావడం మానేసినవాళ్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చే వేసవికి పాఠాలు రాసేవాళ్లు ఇప్పుడే మొదలుపెడతారు. దానియేలుకు అయిదు రోజులు ఇస్తున్నట్టయితే సింహాలకు ఒక్క రోజు చాలు. ఒక రోజు మొదటి అధ్యాయంలో అడిగిన తీరుకు, ఒక రోజు నెబుకద్నెజరు కల విని కలవరపడటానికి, ఒక రోజు మరిచిపోయిన ఏళ్లకు, ఒక రోజు తొమ్మిదో అధ్యాయానికి ఇవ్వండి. బొమ్మలు వేసేవారితో చెప్పి గుహలో ఉన్నాయనకు తెల్ల గడ్డం పెట్టించండి. చెర దారి చూపించే మ్యాపు గీయడానికి, పెద్ద పిల్లల ప్రశ్నలకు కూర్చుని జవాబులు చెప్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. పిల్లలు చిన్నవాళ్లైతే వెంటనే, ఇంటర్ పిల్లలైతే రెండు వారాలు ముందు చెప్పండి, చదువుకుని వస్తాను.

ప్రభువులో మీ సహోదరి,
ఒక సంఘ సభ్యురాలు, ఇద్దరు సండే స్కూల్ పిల్లల తల్లి